పిల్లలను తేనెటీగో తేలో కుట్టినప్పుడు

వానలు మొదలయ్యాక మా ఉపకేంద్రానికి పసిపిల్లలను ఎత్తుకొని వచ్చే తల్లులు తరచూ అడిగే మాట, ‘ఏదో కుట్టిందమ్మా, ఏం రాయమంటారు?’ అని. ఏఎన్‌ఎంగా నేను చెప్పేది ఒకటే: రాయడం సంగతి తర్వాత, ముందు బట్టలన్నీ విప్పండి. కుట్టిన పురుగు చొక్కా మడతలోనో లాగు బొందు దగ్గరో ఇంకా ఉండవచ్చు. పైగా దద్దుర్లు లేస్తున్నాయా లేదా అన్నది పొట్ట, వీపు చూస్తేనే తెలుస్తుంది.

దద్దుర్లు ఒంటినిండా పాకుతున్నా, పెదవులు, నాలుక ఉబ్బుతున్నా, గొంతు బొంగురుపోయినా, ఊపిరిలో పిల్లికూతలు వినిపిస్తున్నా, వాంతులై బిడ్డ వాలిపోతున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆ సమయంలో ప్రాణం నిలిపేది తొడ కండరానికి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. అలర్జీ సిరప్ ఆ పని చేయలేదు. అది పట్టి చూద్దామని కూర్చుంటే విలువైన నిమిషాలు పోతాయి. బండి వచ్చేలోగా బిడ్డను పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో ఉంచండి. ఊపిరి అందక అవస్థపడుతుంటే ఒళ్లో కూర్చోబెట్టుకోండి. నడిపించవద్దు. నోట్లో కుట్టినా, తుట్టె కదిలి చాలా ఈగలు కుట్టినా పైకి ఏ లక్షణమూ లేదని ఇంట్లో ఉంచుకోకండి.

తేనెటీగ ముల్లు చర్మంలోనే ఉండిపోతుంది. దగ్గరగా చూస్తే నల్లటి సన్నని మొన, దానిపైన తడిగా మెరిసే చిన్న తిత్తి కనిపిస్తాయి. ఈగ పోయినా ఆ తిత్తి ఇంకాసేపు విషాన్ని లోపలికి నెడుతూనే ఉంటుంది. అందుకే గోటితో గీరినా, వేళ్లతో పీకినా ఫర్వాలేదు, వెంటనే తీయడం ముఖ్యం. పట్టకారు కోసం ఇల్లంతా వెతకవద్దు. కందిరీగ సాధారణంగా ముల్లు వదలదు, కాబట్టి దానికోసం చర్మం గిల్లకండి. గొంగళిపురుగు నూగు అంటుకుంటే మాత్రం రుద్దకూడదు. టేపు అంటించి లాగితే వెంట్రుకలు దానితోపాటు వచ్చేస్తాయి.

ఆ తర్వాత సబ్బుతో కడిగి, చల్లటి తడిగుడ్డ ఓ పది నిమిషాలు వేయండి. నొప్పికి పారాసెటమాల్ ఇవ్వవచ్చు, కానీ బరువు చూసి ఇవ్వాలి. కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన 10 కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు. ఒక సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాముల మందు ఉంటుంది, ఇంకొక దానిలో 250. మొదటిదైతే 6 మిల్లీలీటర్లు, రెండోదైతే 3. సీసా మారినప్పుడల్లా చీటీ చదవండి, ఆరు గంటల్లోపు మళ్లీ ఇవ్వకండి. మూడు నెలల్లోపు పసికందుకు డాక్టరును అడగకుండా అసలు ఇవ్వవద్దు. ఆస్పిరిన్ ఏ పిల్లలకూ వద్దు. దురదకు క్యాలమైన్ చాలు; రెండేళ్లలోపు వారికి అలర్జీ సిరప్ డాక్టరు చెబితేనే.

తమలపాకుల డబ్బాలోని సున్నం రాయాలని ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబడతారు. ‘పెద్దమ్మా, సున్నం పసివాడి చర్మాన్ని కాలుస్తుంది, ఆ చేత్తో కళ్లు నులుముకుంటే చూపుకే ప్రమాదం’ అని కూర్చోబెట్టి చెబుతాను. కిరోసిన్ కూడా అంతే.

తేలు దారి వేరు. తేలు కుట్టిన పసిబిడ్డను ఒక్క గంట కూడా ఇంట్లో ఉంచుకోకూడదు. ఎర్ర తేలు విషం గుండె మీద పనిచేస్తుంది. జుట్టు తడిసేలా చెమట, చల్లబడిన చేతులు కాళ్లు, చొంగ, వాంతులు, నిలకడలేని ఏడుపు దాని గుర్తులు. కుట్టినచోట నొప్పి తక్కువగా ఉందని విషం తక్కువెక్కిందని అనుకోవద్దు. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్, రక్తపోటుకు వాడే ప్రాజోసిన్ మాత్రతో ఈ రోగులను కాపాడవచ్చని 1980ల్లో చూపించారు. ఆ మాత్ర ఆసుపత్రిలో బీపీ చూస్తూ ఇవ్వాల్సింది, ఇంట్లో మింగించేది కాదు. తాడు బిగించడం, గాటు పెట్టడం వద్దు. మంత్రం మీద నమ్మకమున్న ఇంట్లో నేను వాదనకు దిగను. మంత్రం వేసే పెద్దాయనను కూడా మాతో బండి ఎక్కమంటాను.

మామూలు కాటుకు రెండో రోజు వాపు పెరగడం సహజమే. రెప్పమీద దోమ కుడితే తెల్లారేసరికి కన్ను మూసుకుపోయేంత ఉబ్బవచ్చు. బిడ్డ హుషారుగా ఆడుకుంటుంటే కంగారు అక్కర్లేదు. గోళ్లు మాత్రం పొట్టిగా కత్తిరించండి, గోకిన చోటే చీము పడుతుంది. ఎరుపు పాకుతూ జ్వరం వస్తే చూపించాలి. జ్వరంతోపాటు చంకలోనో గజ్జల్లోనో నొప్పిలేని నల్లటి పెచ్చు కనిపిస్తే డాక్టరుకు అది తప్పక చూపండి. అది నల్లికన్నా చిన్న పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ కావచ్చు. త్వరగా గుర్తిస్తే మందుతో తగ్గిపోతుంది.

ఆసుపత్రికి బయలుదేరేటప్పుడు ఎన్ని గంటలకు కుట్టిందో, ఏ మందు ఎంత పట్టారో కాగితం మీద రాసి తీసుకెళ్లండి. పురుగును పట్టడానికి ఆగవద్దు. ఫోనులో ఫొటో తీయగలిగితే తీయండి, లేకపోయినా వైద్యం ఆగదు.