మరింత వేగమైన సొంత విమానాన్ని ఎంచుకోవడం ఎలా?

శిక్షణ విమానంతోనే కొన్నేళ్లు తిరిగిన ప్రైవేటు పైలట్‌కు, ఎదురుగాలి బలంగా వీచే రోజున ఆ వేగం ఇక చాలదని తెలిసివస్తుంది. అప్పుడు అమ్మకపు ప్రకటనలకంటే ముందు తెరవవలసినది సొంత లాగ్‌బుక్. గత ఏడాది ప్రయాణాలలో ఎక్కువ భాగం ఎంత దూరమో, ఎందరు ఎక్కారో, ఎంత సామాను వేసుకున్నారో కాగితం మీద పెడితే ఎంపిక సగం తేలిపోతుంది.

300 నాటికల్ మైళ్ల (సుమారు 556 కిలోమీటర్ల) ప్రయాణాన్నే తీసుకుందాం. గంటకు ఒక నాటికల్ మైలు వేగాన్ని ఒక నాట్ అంటారు. గాలి లేని రోజున 120 నాట్ల శిక్షణ విమానం సెస్నా 172కు రెండున్నర గంటలు, 160 నాట్లకు చేరువగా వెళ్లే మూనీ ఎం20జెకు సుమారు గంటా 53 నిమిషాలు, 180 నాట్ల సిరస్ ఎస్ఆర్22కు గంటా 40 నిమిషాలు పడుతుంది. అంటే సెస్నా నుంచి మూనీకి మారే మొదటి మెట్టు 37 నిమిషాలు ఆదా చేస్తే, మూనీ నుంచి సిరస్‌కు మారే రెండవ మెట్టు మిగిల్చేది పదమూడు నిమిషాలే. అదే 30 నాట్ల ఎదురుగాలిలో మొదటి మెట్టు ఆదా గంట దాటుతుంది. రెండవది అప్పటికీ ఇరవై నిమిషాలకు మించదు.

ఆ రెండవ మెట్టుకు అయ్యే ఖర్చు మాత్రం చిన్నది కాదు. అధిక వేగంలో గాలి నిరోధాన్ని అధిగమించడానికి కావలసిన శక్తి దాదాపు వేగపు ఘనంతో పెరుగుతుంది. అందుకే 200 హార్స్‌పవర్ ఇంజనుతో మూనీ గంటకు పది, పదకొండు గ్యాలన్లతో సరిపెట్టుకుంటే, 310 హార్స్‌పవర్ గల ఎస్ఆర్22 పూర్తి వేగంతో వెళ్లేటప్పుడు పదిహేడు గ్యాలన్ల దాకా తాగుతుంది. పెద్ద ఇంజనుకంటే ముందు గాలిని సాఫీగా చీల్చుకుపోయే విమానదేహాన్ని వెతకాలని నా దృఢమైన అభిప్రాయం. అయితే విమానం మొత్తాన్ని కిందికి దించగల పారాచూట్ ఎస్ఆర్22లో ఉంది. కుటుంబంతో ప్రయాణించేవారికి దాని విలువను నిమిషాలలో కొలవలేము.

బరువు లెక్కను అమ్మేవారి మాట మీద వదిలేయకూడదు. మోయగల బరువు 1,000 పౌండ్లు ఉన్న విమానంలో 80 గ్యాలన్ల ఇంధనం నింపితే, గ్యాలన్‌కు ఆరు పౌండ్ల చొప్పున 480 పౌండ్లు అక్కడే పోతాయి. మిగిలిన 520 పౌండ్లలో ముగ్గురు పెద్దలు కూర్చుంటే సామానుకు దాదాపు చోటుండదు. నాలుగు సీట్లున్నంత మాత్రాన నలుగురు దూరప్రయాణం చేయగలరని అర్థం కాదు.

వేగమైన విమానం నేలకు దిగేటప్పుడే పైలట్‌ను ఎక్కువగా పరీక్షిస్తుంది. 60 నాట్లకు బదులు 72 నాట్లతో రన్‌వేను తాకితే, బరువు అంతే ఉన్నా, బ్రేకులు అణచవలసిన శక్తి 44 శాతం పెరుగుతుంది. మూనీని ఐదారు నాట్ల అదనపు వేగంతో తీసుకువస్తే అది రన్‌వే మీద దిగనంటూ తేలుతూ పోతుంది. దిగడానికి సన్నాహం కూడా ముందే మొదలవ్వాలి: నిమిషానికి 500 అడుగుల చొప్పున 6,000 అడుగులు దిగడానికి పట్టే పన్నెండు నిమిషాలలో సెస్నా 24 నాటికల్ మైళ్లు వెళితే, 180 నాట్ల విమానం 36 నాటికల్ మైళ్లు వెళుతుంది. ముడుచుకునే చక్రాలు, 200 హార్స్‌పవర్‌కు మించిన ఇంజను వంటి వాటికి అమెరికాలో శిక్షకుని ప్రత్యేక ధ్రువీకరణ తప్పనిసరి. ఇన్సూరెన్స్ సంస్థలు ఆ రకం విమానంలో ఎన్ని గంటలు నడిపారని అడుగుతాయి కనుక, బయానా ఇవ్వకముందే వారితో మాట్లాడడం మంచిది.

చివరి పరీక్షను అమ్మేవారితో సంబంధం లేని, ఆ రకం విమానాన్ని బాగా ఎరిగిన మెకానిక్‌తో చేయించాలి. మూనీ ఇంధన ట్యాంకు రెక్కలోనే భాగం కనుక, అతుకుల మధ్య పూసిన సీలెంట్ పాతబడితే లీకవుతుంది. రెక్క కింద పడుకుని టార్చి వేసి చూడండి. రివెట్ల వరుస వెంబడి నీలిరంగు మరక కనిపిస్తే అది 100 ఎల్ఎల్ అనే నీలిరంగు విమాన పెట్రోలు జాడ. ఇంజను తక్కువ గంటలు తిరిగిందని సంతోషించే ముందు, ఎన్నేళ్లు కదలకుండా నిలిచిందో విమానపు లాగ్‌బుక్‌లో చూడాలి. నెలల తరబడి నడవని లైకమింగ్ కంపెనీ ఇంజనులో పైభాగాన ఉండే, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ అనే కడ్డీ నూనె ఆరిపోయి తుప్పు పట్టవచ్చు. ఈ రెండూ చూడనివ్వని అమ్మకందారుతో బేరం సాగించవద్దు.