కొత్త బండి ఆయిల్ తాగుతోందా? టర్బో ముందు పైపు విప్పి చూశారా?

షెడ్డుకి వచ్చే ఓనర్లు దాదాపు అందరూ ఒకే మాటతో మొదలుపెడతారు. "అన్నా, బండి తీసుకుని ఏడు నెలలు కాలేదు. 30 వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు. అప్పుడే ఇంజన్ పోయిందంటున్నారు." నెలనెలా ఈఎంఐ పోతుంటుంది, బండేమో షెడ్డులో ఉంటుంది. వాళ్ల టెన్షన్ నాకు తెలుసు. అయినా నేను ముందు అడిగేది ఒక్కటే. ఎయిర్ ఫిల్టరుకీ టర్బోకీ (ఇంజనులోకి గాలిని గట్టిగా నెట్టే ఫ్యానుకీ) మధ్య ఉన్న పైపు ఎవరైనా విప్పి చూశారా? చూశామన్నవాళ్లు నలుగురైదుగురికి మించి గుర్తులేరు. స్కానర్ పెట్టించి ఉంటారు, ఇంజెక్టర్లు తీయించి ఉంటారు, ఆయిల్ కంపెనీ మార్చి ఉంటారు, ఒకాయన బంపరుకి నిమ్మకాయల దండ కూడా మార్చాడు. రెండు క్లిప్పులు వదులు చేసి లోపల వేలు పెట్టడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పని మాత్రం ఎవరూ చేయరు.

ఎలాంటి బండి గురించి చెబుతున్నాను

క్వారీ టిప్పరు గానీ, మట్టి రోడ్ల మీద తిరిగే లారీ గానీ. కొత్తది. మొదట్లో బాగానే లాగింది. తర్వాత లోడు మీద ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ తగ్గింది. వారానికి ఒకటి రెండు లీటర్ల ఆయిల్ పోయాల్సి వస్తోంది, కింద మాత్రం ఎక్కడా చుక్క కనపడదు. పొద్దున్నే స్టార్టింగ్ కష్టంగా ఉంది. టర్బో కూత మారిందని డ్రైవరు చెబుతున్నాడు. డ్రైవరు చెవిని నమ్మండి, రోజుకి పన్నెండు గంటలు ఆ చప్పుడే వింటాడు.

ఆయిల్ పోసే మూత తీసి, తిరగేసి, ఐడ్లింగులో ఆ కంత మీదే ఊరికే పెట్టండి. కాస్త వణికితే పరవాలేదు. ఎగిరి పక్కకి పడిపోతోందంటే లోపల పిస్టన్ చుట్టూ ఉండే రింగులు గాలి ఆపడం లేదని అర్థం. బీఎస్-6 (కొత్త పొగ నిబంధనల) బండ్లలో చాలావాటికి బ్రీదర్ గొట్టం, అంటే రింగులు దాటి ఇంజన్ అడుగున చేరే గాలి బయటికి పోయే గొట్టం, బయటికి వదలరు, తిప్పి టర్బో ముందు పైపులోకే కలుపుతారు. అందుకని పాత బండ్లలాగా బ్రీదర్ పొగ కొట్టడం బయటికి కనిపించకపోవచ్చు.

పవర్ తగ్గడం ఒక్కటే ఉండి, ఆయిల్ తగ్గకపోతే, డ్యాష్‌బోర్డు మీద డీఈఎఫ్ లైటు వెలుగుతుంటే ఇది మీ జబ్బు కాదు. అది పొగ శుభ్రం చేయడానికి విడిగా పోసే యూరియా నీళ్ల (డీఈఎఫ్) గొడవ. అందులో యూరియా 32.5 శాతం ఉండాలి. రోడ్డు పక్క డబ్బాల్లో అమ్మే నకిలీ సరుకు పోస్తే బండే పవర్ కోసేస్తుంది. ట్యాంకు కడిగించి మంచి సరుకు పోయించండి.

అసలు దొంగ: దుమ్ము

ఒక లీటరు డీజిల్ కాలడానికి ఇంజన్ 10 వేల లీటర్లకు పైనే గాలి పీలుస్తుంది. టిప్పరు రోజుకి వంద లీటర్లు తాగితే ఎంత గాలో మీరే లెక్కేసుకోండి. అదంతా ఫిల్టరు గుండా వెళ్లాలి. ఫిల్టరు దాటాక పైపులో ఎక్కడ సందు ఉన్నా, అక్కడ లోపల పీడనం బయటికంటే తక్కువ కాబట్టి దుమ్మును అదే లాగేసుకుంటుంది. బయటికి ఏమీ కారదు, చప్పుడు రాదు, లైటు వెలగదు. ఇసుక రేణువు ఇనుము కంటే గట్టిది. రింగుకీ లైనరుకీ (పిస్టన్ ఆడే గొట్టానికీ) మధ్య ఆయిల్ పొర కంటే లావుగా ఉన్న రేణువు దూరితే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. కొన్ని వారాల్లో లైనరు గీతలు పడి, ఇంజన్ బోరుకి (విప్పి లైనర్లు, రింగులు మార్చే పనికి) వస్తుంది.

సందు ఎక్కడ వస్తుందంటే, నేను చూసినంతలో నాలుగు చోట్ల. బాడీ కట్టే షెడ్డులో పైపు అడ్డమొచ్చిందని విప్పి, మళ్లీ బిగించేటప్పుడు క్లిప్పు అంచు మీద కూర్చోబెట్టడం. మొదటి సర్వీసులో ఫిల్టరు మార్చినవాడు మూత సరిగ్గా కూర్చోబెట్టకపోవడం. డ్రైవరు వారం వారం ఫిల్టరు తీసి కంప్రెసర్ గాలి గట్టిగా కొట్టి కాగితం చింపడం (లోపలి చిన్న ఫిల్టరునైతే అసలు గాలి కొట్టకూడదు, మార్చడమే). నాలుగోది బ్రేకుల ఎయిర్ కంప్రెసరు గాలి తీసుకునే సన్న గొట్టం. చాలా బండ్లలో అది ఫిల్టరు తర్వాతి పైపు నుంచే వస్తుంది. అది పగిలినా దుమ్ము ఇంజనులోకే పోతుంది. ఎవరూ దాని వంక చూడరు.

నేను దెబ్బతిన్న కథ కూడా చెప్పాలి. చీమకుర్తి వైపు క్వారీలో తిరిగే టిప్పరు, కొన్న ఎనిమిదో నెల. బయట మెకానిక్ ఇంజన్ విప్పేశాడని వారంటీ అప్పటికే పోయింది, నా దగ్గరికి వచ్చింది. విప్పితే లైనర్లు అరిగాయి, రింగులు బ్లేడుల్లా పదునెక్కాయి. దుమ్మని వెంటనే తెలిసిపోయింది. ఫిల్టరు చూశాను, చిరిగి ఉంది. దొరికిందిలే అనుకున్నాను. కొత్త ఫిల్టరు, లైనర్లు, పిస్టన్లు, రింగులు, టర్బో అన్నీ వేసి పంపాను. మూడు నెలల్లో అదే బండి, అదే మూత ఎగరడం. ఓనరు నా మొహం చూసి ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

ఈసారి పైపు మొత్తం ఊడదీసి కడిగి బల్ల మీద పెట్టాను. ఫిల్టరు డబ్బా ఛాసిస్ మీద కదలకుండా ఉంటుంది, ఇంజన్ మౌంటింగుల మీద ఊగుతుంది. అందుకే మధ్యలో మడతల రబ్బరు గొట్టం పెడతారు. ఆ గొట్టం అడుగున, ఒక మడత లోతులో, చిటికెన వేలి గోరంత చీలిక. బాడీ షెడ్డువాళ్లు హైడ్రాలిక్ పైపుకి బిగించిన క్లాంపు మూల అక్కడ రాసుకుంటోంది. ఐడ్లింగులో చీలిక మూసుకునే ఉంటుంది. లోడు మీద యాక్సిలరేటరు తొక్కితే ఇంజన్ పక్కకి ఒరుగుతుంది, అప్పుడు నోరు తెరుస్తుంది. మొదటిసారి నేను పైపు బయట బయట తడిమి వదిలేశాను, అడుగు చూడలేదు. రెండో ఇంజన్ పని కూలీ నేను పెట్టుకున్నాను, స్పేర్లలో సగం కూడా నాదే. చిరిగిన ఫిల్టరు కూడా నిజమే, చీలిక కూడా నిజమే. ఒకటి దొరకగానే వెతకడం ఆపేశాను, అంతే.

ఎలా చూడాలి

ఇంజన్ ఆపి చల్లారనివ్వండి. ముందుగా పైపు మీద, క్లిప్పుల చుట్టూ ఉన్న మట్టిని తడిగుడ్డతో తుడవండి. లేకపోతే విప్పేటప్పుడు పైనున్న దుమ్మే లోపల పడి, ఉన్న రోగం లేని రోగం తేడా తెలియదు. ఫోన్ వీడియో ఆన్ చేసి ఒకరిని పట్టుకోమనండి. బండి నంబరు, మీటరు రీడింగు ముందు చూపించి, తర్వాత పైపు మీదికి రావాలి. ఇది ఎందుకో కింద చెబుతాను.

టర్బో వైపు క్లిప్పు వదులు చేసి, లోపల కొత్త తెల్లగుడ్డతో తుడవండి. నల్లటి ఆయిల్ తడి అంటుకుంటే భయపడకండి, బ్రీదర్ అక్కడికే కలుస్తుంది కాబట్టి అది మామూలే. ఆ తడిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దండి. జిగటగా జారితే మంచిది. గరగరమంటే దుమ్ము లోపలికి పోతోంది. టార్చి వేసి టర్బో రెక్కలు చూడండి. కొత్త రెక్క అంచు సూటిగా, పదునుగా ఉంటుంది. దుమ్ము తిన్నది చప్పరించిన బిళ్లలాగా గుండ్రంగా అవుతుంది.

దుమ్ము ఉందని తేలితే దారి వెతకాలి. లోపల ధూళి చార ఉంటుంది, ఫిల్టరు వైపుకి వెనక్కి చూసుకుంటూ వెళ్లండి. చార ఎక్కడ మొదలైందో సందు అక్కడే. ఫిల్టరు డబ్బా దగ్గర నుంచే ఉంటే తప్పు ఫిల్టరుదో, అది కూర్చున్న చోటుదో. మధ్యలో మొదలైతే క్లిప్పు, చీలిక, లేదా కంప్రెసరు గొట్టం. చార సరిగ్గా కనపడకపోతే రాత్రి షెడ్డు లైట్లన్నీ ఆర్పి, ఊడదీసిన రబ్బరు గొట్టంలో టార్చి పెట్టి వంచుతూ, మెలితిప్పుతూ చూడండి. నా చీలిక అలాగే దొరికింది. అప్పటికీ అనుమానం ఉంటే పైపు లోపల గ్రీజు పల్చగా పూసి, బిగించి, రెండు ట్రిప్పులు తిప్పి మళ్లీ విప్పండి. దుమ్ము గ్రీజుకి అంటుకుని దారి చూపిస్తుంది.

దొరికాక

బండి ఆపేయండి. ఈ లోడు దించి వస్తానంటారు, వద్దు.

మూత ఎగరడం లేదు, ఆయిల్ పెద్దగా తగ్గడం లేదు అంటే అదృష్టం. గొట్టం, క్లిప్పులు, రెండు ఫిల్టర్లు, ఇంజనాయిల్, ఆయిల్ ఫిల్టరు మార్చి, ఆయిల్ మీద కన్నేసి ఉంచండి. మూత ఎగురుతోందంటే రింగులు, లైనర్ల పని తప్పదు. ఆ పని చేసేటప్పుడు టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలరు, దాని పైపులు, సిలిండర్లకి గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డు ఊడదీసి కడిగించారో లేదో మీరే దగ్గరుండి చూసుకోండి. అక్కడ పేరుకున్న దుమ్మును అలాగే వదిలేస్తే కొత్త లైనర్లకి మొదటి రోజు భోజనం అదే. టర్బో పోయి ఉంటే ఆయిల్ కూడా ఇంటర్‌కూలరులో నిలుస్తుంది. దాన్ని పీల్చి ఇంజన్ తనంతట తానే రేజ్ అయిపోయి తాళం తీసినా ఆగని సందర్భాలు ఉన్నాయి.

వారంటీ గొడవ

ఇక్కడే ఓనర్లు ఓడిపోతారు. లైనరు అరిగిందనగానే షోరూమువాళ్లు "దుమ్ము లోపలికి పోయింది, మెయింటెనెన్స్ లోపం, వారంటీ రాదు" అని రాసేస్తారు. ఇన్సూరెన్సు కూడా మెకానికల్ బ్రేక్‌డౌనుకి రాదు. కానీ దుమ్ము పోయిందనడం వేరు, ఎవరివల్ల పోయిందనడం వేరు. క్లిప్పు ఫ్యాక్టరీ నుంచే వదులుగా వచ్చిందా, సర్వీసులో వదిలేశారా, బాడీ షెడ్డులోనా, మీ డ్రైవరా? షోరూమువాళ్లు బాడీ షెడ్డంటారు, షెడ్డువాళ్లు డ్రైవరంటారు. ఆ చార మొదలైన చోటు వీడియోలో ఉంటేనే మీ మాట నిలబడుతుంది. పైపు ఒకసారి విప్పి కడిగేశాక ఇక ఎవరి నోట వచ్చింది వాళ్లు చెప్పుకోవచ్చు.

వారంటీ ఉన్న బండిని బయట మెకానిక్ చేత ఇంజన్ విప్పించకండి, నా చేత కూడా. జాబ్‌కార్డులో కంప్లయింటు మీ మాటల్లోనే రాయించండి. "జనరల్ చెకప్" అని రాస్తే సంతకం పెట్టొద్దు. ఆయిల్ తీసే ముందే మీ ఎదురుగా శాంపిల్ తీసి, సీలు వేసి, ల్యాబుకి పంపమని రాతపూర్వకంగా అడగండి. రిపోర్టులో సిలికాన్ ఎక్కువ ఉందని చెప్పి మిమ్మల్ని తోసేయాలని చూస్తే, పక్కన అల్యూమినియం, ఇనుము ఎంతున్నాయో చూడండి. దుమ్మైతే అవి కూడా పెరుగుతాయి. సిలికాన్ ఒక్కటే పెరిగి మిగతావి మామూలుగా ఉంటే, కొత్త ఇంజన్లలో అది గ్యాస్కెట్ సీలెంటు నుంచి దిగినది కూడా కావచ్చు. తీసిన పాత స్పేర్లు వదలకండి.

కోర్టుదాకా వెళితే ఒక మెలిక ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వ్యాపారానికి కొన్నవాడు వినియోగదారుడు కాడు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొన్నానని చూపించగలిగితే అవుతాడు. ఒక్క బండి పెట్టుకుని తానే తోలుకునేవాడికి ఇది పనికొస్తుంది. పది బండ్లున్నవాళ్లకి కష్టం. కట్టిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్, గడువు రెండేళ్లు. స్పేరును ల్యాబ్ పరీక్షకి పంపే అధికారం కమిషనుకి ఉంది, అడగండి. ముందు 1915 హెల్ప్‌లైనుకి ఫోన్ చేస్తే ఖర్చేమీ లేదు.

మిగతా కారణాలు

ఆయిల్ పంపు ఫెయిలవడం, బేరింగు లోపం, ఇంజెక్టరు ఇరుక్కుని డీజిల్ పోసేయడం, ఈజీఆర్ కూలరు (ఇంజనులోకి తిరిగి పంపే పొగని చల్లార్చేది) కారి నీళ్లు కలవడం. ఉంటాయి, అరుదు. ఆయిల్ ప్రెజరు లైటు వెలిగితే ఇంజన్ వెంటనే ఆపండి, ఆయిలు పాలు కలిపిన టీ రంగులో చిక్కగా కనిపిస్తే నీళ్లు కలిశాయి. రెండూ షోరూముకి టోయింగు మీదే వెళ్లాలి. బాడీ షెడ్డులో బ్యాటరీ టెర్మినళ్లు తీయకుండా వెల్డింగు కొట్టి ఈసీఎం (ఇంజన్ కంప్యూటరు) కాల్చేయడం కూడా జరుగుతుంది, అది వేరే కథ.

కొత్తగా బండి తీసుకునేవాళ్లు డెలివరీ రోజే ఒక పని చేయండి. ఫిల్టరు నుంచి టర్బో దాకా ఉన్న ప్రతి క్లిప్పు స్క్రూ మీద నుంచి పైపు మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీసి ఫొటో తీసుకోండి. బాడీ షెడ్డు నుంచి వచ్చినప్పుడు ఒకసారి, ప్రతి సర్వీసు తర్వాత ఒకసారి ఆ గీతలు చూడండి. గీత తప్పిందంటే ఆ క్లిప్పుని ఎవరో ముట్టుకున్నారు. నేనైతే ఆ రబ్బరు గొట్టం అడుగున కూడా చేత్తో తడుముతాను, ఇప్పటికీ.