అడవినీ గడ్డిభూమినీ నమ్ముకున్న జీవాలను ఎలా కాపాడాలి?

గడ్డి తప్ప ఏమీ లేని నేల చూడగానే చాలామందికి మొక్కలు నాటాలనిపిస్తుంది. దయచేసి ఆగండి. గడ్డిభూమి ఖాళీ జాగా కాదు.

1. ముందు ఆ నేలను అన్ని కాలాల్లోనూ చూడండి. ఎండల్లో బీడులా ఉన్నచోటే వానలు పడగానే రకరకాల గడ్డి మొలుస్తుంది. కనిపించిన మొక్క, పిట్ట, పురుగు ఫొటో తీసి తేదీతో రాసిపెట్టుకోండి. ఐనాచురలిస్ట్ యాప్‌లో పెడితే పేర్లు గుర్తుపట్టేవాళ్లు దొరుకుతారు. అరుదైన పక్షి గూడు ఎక్కడుందో మాత్రం ఎవరికీ చెప్పకండి.

2. సహజమైన గడ్డిభూమిలో చెట్లు నాటకండి. నీడ పడితే ఎండను కోరే గడ్డి చచ్చిపోతుంది. బట్టమేక పక్షి నేలమీదే, సాధారణంగా ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. చుట్టూ దూరం దాకా కనబడితేనే దానికి రక్షణ. మొక్కలు నాటాలనుంటే చెట్లు కొట్టేసిన అడవి నేలను ఎంచుకోండి, అక్కడి రకాలే నాటండి.

3. వేరే దేశాల నుంచి వచ్చి ఇక్కడి మొక్కల చోటు ఆక్రమించే పరాయి మొక్కలను తీసేయండి. అన్నిటికన్నా ఓపిక కావాల్సింది ఈ పనికే. అలాంటి పొదమొక్క లాంటానాను పైపైన నరికితే మొదట్లోంచి మళ్లీ చిగురిస్తుంది. మట్టి కాస్త తవ్వి, కాండం వేరుగా మారే చోటికి కింద, రెండు మూడు అంగుళాల లోతున తల్లివేరును కోయండి. పొదను తలకిందులుగా పెట్టి ఎండనివ్వండి, వేరు మళ్లీ నేలకు తగలకూడదు. పండ్లు కాయకముందే చేస్తే గింజలు రాలవు. పొదల్లో తలదాచుకునే జంతువులుంటాయి కాబట్టి అంతా ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా తీయాలి. ఖాళీ అయినచోట వెంటనే స్థానిక గడ్డి విత్తనాలు చల్లకపోతే కలుపే మళ్లీ ఆక్రమిస్తుంది. తర్వాతి ఏళ్లలోనూ వానలు పడ్డాక వెళ్లి కొత్త మొలకలను పీకేయండి. రక్షిత అడవుల్లో అయితే అటవీశాఖ అనుమతి తప్పనిసరి.

4. అడవిలో ఎండిన మానులను, పడిపోయిన దుంగలను అక్కడే వదిలేయండి. బెరడు కింద పెంకుపురుగుల పిల్లలు, వాటి కోసం వడ్రంగిపిట్టలు, ఆ పిట్టలు తొలిచి వదిలేసిన తొర్రల్లో వేరే పక్షులు బతుకుతాయి. అడవిని ఊడ్చి శుభ్రం చేస్తే వీటన్నిటికీ గూడు పోయినట్టే.

5. మేతనూ కోతనూ వంతులవారీగా సాగించండి. భూమిని భాగాలు చేసి, ఒకచోట పశువులు మేస్తుంటే మరోచోట గడ్డిని గింజ రాలేదాకా వదలాలి. కోత పక్షిపిల్లలు ఎగిరిపోయాకే. మధ్యలో మొదలుపెట్టి అంచుల వైపు కోసుకుంటూ వస్తే దాక్కున్న జీవాలు బయటికి తప్పించుకుంటాయి. కొన్ని గడ్డిభూములకు అప్పుడప్పుడూ మంట అవసరమే గానీ, అది శిక్షణ ఉన్నవాళ్ల పని.

6. ఏటా అదే కాలంలో, అదే చోట నిలబడి ఫొటో తీసి మీ పాత జాబితాతో పోల్చండి. స్థానిక రకాలు తగ్గుతుంటే ముందు మేత, కోత వేళలు మార్చి చూడండి.