పెళ్ళికి ముందు పళ్ళు: తెలుపు ముందా, సిమెంటు ముందా?

ముహూర్తం పెట్టుకున్న వారంలోనే పళ్ళ డాక్టరు దగ్గరికి ఒకసారి వెళ్ళిరండి. కల్యాణమండపం కోసం, చీరల కోసం రెండు నెలల ముందునుంచే తిరుగుతాం. పళ్ళ సంగతి మాత్రం పెళ్ళి పది రోజులుందనగా గుర్తొస్తుంది. ఒంగోల్లో నా దగ్గరికి మాఘమాసం ముందు, శ్రావణం ముందు వచ్చేవాళ్ళలో చాలామంది అట్లా ఆఖరి నిమిషంలో వచ్చినవాళ్ళే. పది రోజుల్లో పళ్ళు తెల్లగా చెయ్యొచ్చు. పది రోజుల్లో పిప్పిపన్నుకి సిమెంటు కూడా పెట్టొచ్చు. ఆ రెండూ ఒకదానికొకటి కుదిరేలా చెయ్యాలంటే మాత్రం పది రోజులు చాలవు.

పొదిలి వైపు నుంచి ఒక తల్లీ కూతుళ్ళు వచ్చారు. అమ్మాయికి పై వరసలో ముందు పళ్ళ మధ్య పిప్పి ఉంటే ఎక్కడో సిమెంటు పెట్టించుకున్నారు. మంచి పనే, పంటి రంగులో కలిసిపోయేలా చక్కగా పెట్టారు. ఆ తర్వాత వేరే చోట పళ్ళు తెల్లగా చేయించుకున్నారు. పళ్ళు రెండు మూడు వన్నెలు తేలాయి, సిమెంటు మాత్రం పాత రంగులోనే ఉండిపోయింది. నవ్వితే రెండు పళ్ళ మధ్య పసుపుపచ్చ మచ్చ. పెళ్ళికి ఇంకా నాలుగు రోజులే ఉంది.

"ఏందమ్మా ఇట్టా అయింది? ఆ సిమెంటు మీద కూడా అదే మందు పూస్తే తెల్లగా రాదా?" అని అడిగింది తల్లి.

రాదు. నేను ఇది రాయడానికి కారణం ఆ ప్రశ్నే. తెలుపుకి వాడే జెల్‌లో పెరాక్సైడ్ ఉంటుంది. అది పంటి గట్టి పైపొర ఎనామిల్‌ గుండా లోపలికి దిగి, పంటిలో రంగు పట్టిన పదార్థాలను విరగ్గొడుతుంది. సిమెంటు, క్యాపు, పింగాణీ పన్ను, ఇవన్నీ ఫలానా రంగు అని ఎంచుకుని తయారుచేసినవి. వాటి మీద ఎంతసేపు పూసినా వన్నె మారదు. అందుకే ముందు పళ్ళలో కనిపించే చోట పక్కా సిమెంటు ఎప్పుడూ తెలుపు పని అయ్యాకే పెట్టించుకోవాలి.

అలాగని పిప్పిని అట్లాగే వదిలేసి తెలుపుకి వెళ్ళడం ఇంకా ప్రమాదం. పిప్పి గుంటలోంచి, లీకవుతున్న పాత సిమెంటు అంచుల్లోంచి జెల్ నేరుగా నరం దగ్గరికి దిగితే రాత్రంతా నిద్ర ఉండదు. కాబట్టి వరస ఇలా ఉండాలి. ముందు పరీక్ష, అవసరమైతే ఎక్స్‌రే. పిప్పి ఉన్నచోట శుభ్రంచేసి తాత్కాలికంగా గ్లాస్ అయనోమర్ సిమెంటుతో మూసెయ్యాలి. తర్వాత పళ్ళు క్లీనింగ్ చేయించి చిగుళ్ళు మానేదాకా ఆగాలి. ఆ పైన తెలుపు పని. అది ముగిశాక కనీసం రెండు వారాలు ఏమీ చెయ్యకుండా ఉండి, అప్పుడు ముందు పళ్ళకి పక్కా సిమెంటు.

ఆ రెండు వారాలు ఎందుకని చాలామంది విసుక్కుంటారు. కారణాలు రెండు. తెలుపు మందు వాడాక పంటిలో ఆక్సిజన్ కొన్నాళ్ళు నిలిచి ఉంటుంది. పంటిరంగు సిమెంటు, అంటే కాంపోజిట్, గట్టిపడటాన్ని అది అడ్డుకుంటుంది. తొందరపడి పెడితే సిమెంటు పంటిని సరిగ్గా పట్టుకోదు, త్వరగా ఊడొస్తుంది. రెండోది, తెలుపు చేసిన రోజు పన్ను తడి ఆరిపోయి ఉన్నదానికంటే ఎక్కువ తెల్లగా కనిపిస్తుంది. కొద్ది రోజులకు కాస్త తగ్గి నిలకడకు వస్తుంది. మొదటిరోజు తెలుపు చూసి సిమెంటు రంగు ఎంచితే, నెల తిరక్కుండా పన్ను ఒక రంగు, సిమెంటు ఒక రంగు.

అన్నీ కలిపి లెక్కేస్తే ఆరు నుంచి ఎనిమిది వారాలు. శ్రావణంలో పెళ్ళి ఉన్నవాళ్ళకి ఆషాఢం బాగా కలిసొస్తుంది. ఎటూ ఆ నెల ముహూర్తాలుండవు. జ్యేష్ఠం చివర్లో పరీక్ష, క్లీనింగ్ అయిపోతే ఆషాఢమంతా తెలుపు పనికీ, ఆగడానికీ సరిపోతుంది.

గార అంటే ఏ గార?

మన వైపు పళ్ళ మీద పేరుకున్న పాచి గట్టిపడినా గారే అంటారు, ఫ్లోరైడ్ నీళ్ళతో వచ్చిన గోధుమరంగు మచ్చల్నీ గారే అంటారు. ఈ రెంటికీ వైద్యం పూర్తిగా వేరు. మొదటిది పంటి పైన ఉంటుంది. టీ, కాఫీ, వక్కపొడి, కిళ్ళీ, గుట్కా మరకలూ అంతే. వాటికి క్లీనింగ్ చాలు, తెలుపు మందు అవసరమే లేకపోవచ్చు. క్లీనింగ్ చేస్తే పళ్ళు కదులుతాయని భయపడతారు గానీ, కదలడానికి కారణం ఏళ్ళ తరబడి చిగురు కింద చేరి ఎముకను తినేసిన ఆ గట్టి పాచే. అది తీసేసరికి అంతకుముందే వదులైన పన్ను వదులుగా తెలుస్తుంది.

రెండోది పంటి లోపల ఉంది. దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇది మన నేల జబ్బు. దీన్నే ఫ్లోరోసిస్ అంటారు. మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించి 1937లో వైద్య పత్రికలో రాసింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించే. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడేవరకు ఈ పడమటి మెట్ట ప్రాంతం చాలావరకు నెల్లూరు జిల్లాలోదే. నేను పుట్టింది పొదిలి దగ్గర పల్లెలో. సాగర్ నీళ్ళు రాకముందు మా ఇంట్లో తాగింది, వండింది బోరు నీళ్ళతోనే. తాగే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాముకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన ప్రమాణం. అంతకు మించిన నీళ్ళు ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు తాగితే, అప్పటికి దవడలో తయారవుతున్న ఎనామిల్‌లోనే లోపం పడుతుంది. పన్ను బయటికి రావడమే మచ్చతో వస్తుంది. నా ముందు పళ్ళు రెంటికీ అడ్డంగా గోధుమ చారలు ఉండేవి. చదువుకునే రోజుల్లో చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్విన పిల్లల్లో నేనూ ఒకదాన్ని. అందుకే మెట్ట ఊళ్ళ నుంచి ఎవరైనా వస్తే నేను అడిగే మొదటి మాట, "చిన్నప్పుడు ఏ ఊరి నీళ్ళు తాగారు?" అని. డాక్టరు అడక్కపోయినా మీరే చెప్పండి.

చెప్పడం ఎందుకంటే, ఫ్లోరైడ్ పళ్ళకి మామూలు తెలుపు మందు ఒక్కటే పెడితే గోధుమ చార కొంత పలచబడుతుంది గానీ, సున్నంలాంటి తెల్లమచ్చలు పోవు. మొదటి రోజుల్లో అవి ఇంకా ఎక్కువ తెల్లగా కనబడి ఆడపిల్లలు బెంబేలెత్తిపోతారు. మచ్చ పైపైనే ఉంటే మైక్రోఅబ్రేషన్ అని ఒక పద్ధతి ఉంది. పలుచని ఆసిడ్, మెత్తటి రాతిపొడి కలిపిన ముద్దతో ఎనామిల్ పైపొరను మిల్లీమీటరులో చిన్న వంతు మాత్రం రుద్ది తీస్తారు. దాని తర్వాత ఇంటి దగ్గర వాడే తెలుపు జెల్ ఇస్తే రంగు చాలా వరకు కలిసిపోతుంది. నేను చేయించుకున్నది ఇదే. చారల నీడ ఇప్పటికీ దగ్గర్నుంచి చూస్తే కనిపిస్తుంది, ఎదురుగా కూర్చున్నవాళ్ళకి కనిపించదు. ఎనామిల్ గుంటలు పడి పెచ్చులూడే స్థాయిలో ఉంటే మాత్రం తెలుపు మందు మీద డబ్బు పెట్టొద్దు. అక్కడ కాంపోజిట్ పూత గానీ, వెనీర్లు (పంటి ముందువైపు అతికించే పలుచని పెంకులు) గానీ కావాలి. అలాంటి ఎనామిల్‌ని సిమెంటు మామూలు పన్నుని పట్టుకున్నట్టు పట్టుకోదు. ముందు రాసే ఆసిడ్ జెల్‌ని కాస్త ఎక్కువసేపు ఉంచడం లాంటి జాగ్రత్తలు డాక్టరు తీసుకోవాలి.

ఈ ఊళ్ళవాళ్ళకే ఇంకో భయం ఉంటుంది. గ్లాస్ అయనోమర్‌లోంచి ఫ్లోరైడ్ వస్తుందట కదా, మళ్ళీ గార వస్తుందేమోనని. రాదు. అది విడుదల చేసేది చాలా కొద్ది మోతాదు, ఆ పంటి చుట్టూనే. అప్పటికే తయారై నోట్లోకి వచ్చేసిన పంటికి ఫ్లోరోసిస్ రాదు.

ఏ పంటికి ఏ సిమెంటు

గ్లాస్ అయనోమర్ పంటికి తనంతట తానే అతుక్కుంటుంది, కాస్త తడి ఉన్నా ఓర్చుకుంటుంది. చిగురు పక్కన అరిగిన చోట్లకి, పిల్లల పాలపళ్ళకి, పైన చెప్పినట్టు తాత్కాలికానికి ఇది మంచిది. గట్టిగా నమిలే దవడ పళ్ళ మీద మాత్రం త్వరగా అరిగిపోతుంది.

కాంపోజిట్ గట్టిది, అందమైనది, కానీ దానికి తడి పనికిరాదు. పొరలు పొరలుగా, ఒక్కో పొర రెండు మిల్లీమీటర్లకు మించకుండా పెట్టి, ఒక్కోదాన్ని నీలి లైటుతో గట్టిపరచాలి. ఉమ్మి తగలకుండా రబ్బరు డ్యామో (పంటి చుట్టూ పరిచే రబ్బరు తెర), కనీసం సరైన దూదో పెట్టి నిదానంగా చేసే డాక్టరు దొరికితే వదులుకోవద్దు. రంగు ఎంచడం కుర్చీలో కూర్చోగానే, పన్ను తడిగా ఉన్నప్పుడే, కిటికీ వెలుతురులో జరగాలి. నోరు తెరిచి అరగంట కూర్చున్నాక పన్ను ఆరి తెల్లబడిపోతుంది. అప్పుడు ఎంచితే తప్పుతుంది. లేచేముందు పళ్ళు కరిచి చూడండి. ఎత్తుగా తగిలితే అప్పుడే చెప్పి తగ్గించుకోండి, మొహమాటపడొద్దు. పిప్పి పెద్దదై పంటి గోడలు పలచబడితే సిమెంటుతో నెట్టుకురావద్దు, క్యాపు వేయించుకోవడమే మేలు.

వెండి సిమెంటు గురించి రెండు మాటలు. అందులో దాదాపు సగం పాదరసం. పాదరసం వాడకం తగ్గించాలని 2013లో కుదిరిన మినమాటా ఒప్పందంలో మన దేశం కూడా చేరింది. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, చిన్నపిల్లలకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు కొత్తగా అది పెట్టించొద్దు. నోట్లో ఏళ్ళుగా చెక్కుచెదరకుండా ఉన్న వెండి సిమెంటుని పెళ్ళి పేరు చెప్పి పీకించొద్దు. బాగున్నదాన్ని తొలిచినప్పుడే ఆవిరి ఎక్కువ వస్తుంది.

తెలుపు పనిలో జాగ్రత్తలు

క్లినిక్‌లో వాడే జెల్ చాలా ఘాటు. 35, 40 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటుంది. చిగుళ్ళకు అడ్డు పెట్టకుండా పూస్తే కాలి తెల్లబడతాయి. ఇంటికిచ్చే జెల్ సాధారణంగా పది శాతం కార్బమైడ్ పెరాక్సైడ్. అందులో అసలు పని చేసే పెరాక్సైడ్ మూడున్నర శాతమే. మీ పళ్ళ అచ్చు తీసి చేసిన ట్రేలో వేసుకుని రెండు వారాలపాటు రాత్రిళ్ళు పెట్టుకోవాలి. సమయం ఉన్నవాళ్ళకి నేను చెప్పేది ఇంటి జెల్లే. నెమ్మదిగా పనిచేస్తుంది, జివ్వుమనడం తక్కువ. జివ్వుమంటే ఒక రోజు ఆపి, పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు వాడండి. నీలి లైటు, లేజరు అని చెప్పి ఎక్కువ తీసుకునేచోట ఆలోచించండి. పనిచేసేది జెల్లు, లైటుతో పెద్ద తేడా ఉండదు.

గర్భంతో ఉన్నవాళ్ళు, పాలిచ్చేవాళ్ళు వాయిదా వేసుకోవాలి. పద్దెనిమిది నిండని పిల్లలకు వద్దు. ఒక్క పన్నే నల్లబడి ఉంటే అది తెలుపు పని కాదు, దెబ్బ తగిలి నరం చచ్చిపోయి ఉండొచ్చు. అదే అయితే ముందు రూట్‌కెనాల్, తర్వాత లోపలి నుంచి తెలుపు.

పెళ్ళి ప్యాకేజీలో భాగమని బ్యూటీపార్లర్లలో ఈ పని చేయించుకోవద్దు. చట్టం ప్రకారం రిజిస్టరైన డాక్టరే పంటి వైద్యం చెయ్యాలి. జెల్ పొరపాటున నరానికి తగిలితే పార్లర్‌లో ఎవరేం చెయ్యగలరు? ఖర్చు భారమైతే నెల్లూరు చింతారెడ్డిపాలెంలో నారాయణ దంత కళాశాల ఉంది. దంత కళాశాలల్లో బయటికంటే తక్కువలో అవుతుంది, కాకపోతే ఎక్కువసార్లు తిరగాలి. అందుకూ రెండు నెలల ముందే మొదలుపెట్టాలి.

పొదలకూరు వైపు నిమ్మతోటల ఊళ్ళలో నిమ్మతొక్కకి ఉప్పద్ది పళ్ళు తోముకునే అలవాటు ఇంకా చూస్తున్నాను. దయచేసి మానెయ్యండి. నిమ్మరసం చాలా పుల్లన. పులుపుని కొలిచే పీహెచ్ అంకె ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువ. నిమ్మరసానికి అది రెండు, రెండున్నర దగ్గరే, ఐదున్నరకి దిగితేనే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. నాలుగు రోజులు మెరిసినట్టుంటుంది, అది పైపొర పోతున్న మెరుపు. బొగ్గు, ఇటుకపొడి రుద్దినా అంతే. పోయిన ఎనామిల్ తిరిగి రాదు, కిందున్న పసుపు పొర బయటపడి పళ్ళు ఇంకా పచ్చగా కనిపిస్తాయి.

తెలుపు పని నడుస్తున్న రోజుల్లో, అయ్యాక రెండు రోజులు, టీ కాఫీలు, కూల్‌డ్రింకులు, బీట్‌రూట్, నల్లద్రాక్ష పక్కన పెట్టండి. మనవాళ్ళకి కష్టమైనది చేపల పులుసు. పసుపు, కారం రంగుకి రంగు, చింతపండు పులుపుకి పులుపు. ఇడ్లీ, కొబ్బరి పచ్చడి, పెరుగన్నం, పాలు పరవాలేదు.

ఇంత చదివాక కూడా మీకు మిగిలింది పది రోజులే అయితే, తెలుపు మాట మర్చిపోండి. క్లీనింగ్ చేయించుకోండి, పిప్పికి ఇప్పటి పంటి రంగులోనే సిమెంటు పెట్టించుకోండి. ఫొటోల్లో పళ్ళన్నీ ఒక్క రంగులో ఉంటాయి. మిగతాది పెళ్ళయ్యాక తీరిగ్గా చూసుకోవచ్చు.

ఆ పొదిలి అమ్మాయికి ఆ నాలుగు రోజుల్లో నేను చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది. వచ్చిన నెలకి, భర్తతో కలిసి మళ్ళీ వచ్చింది. పాత సిమెంటు తీసి, కిటికీ దగ్గర కూర్చోబెట్టి రంగు ఎంచి కొత్తది పెట్టాను. అరగంట పట్టింది.