గ్రావెల్ సైకిల్ చైన్‌కు మైనం పట్టించడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సైకిల్ తొక్కేవాళ్లకు తారురోడ్డు ఒక్కటే సరిపోదు. పదహారో నంబరు జాతీయ రహదారి దిగి కాస్త లోపలికి వెళ్తే చాలు, ఎర్ర గ్రావెల్ మొదలవుతుంది. వంశధార కాలవ గట్లు, ఉద్దానం జీడితోటల్లో ఇసుక బాటలు, రామతీర్థం కొండల చుట్టూ మట్టిదారులు ఇవన్నీ తొక్కడానికి ఎంతో బాగుంటాయి. ఈ దారుల కోసమే చాలామంది గ్రావెల్ సైకిళ్లు కొంటున్నారు. కొన్న కొద్ది నెలలకే వాటి చైన్లు నల్లటి జిడ్డు ముద్దల్లా తయారై కరకరలాడుతున్నాయి. అంత ఖరీదు పెట్టి కొన్న సైకిల్‌ను అలా చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

కారణం నూనె. చైన్ చప్పుడు చేస్తే నూనె పోస్తారు, చప్పుడు ఆగుతుంది, బాగైపోయిందనుకుంటారు. "చుక్క నూనె పోస్తే ఏటవుద్ది?" అని అడుగుతారు. ఏమవుతుందంటే, మన గ్రావెల్ దుమ్ములోని సన్నటి ఇసుక ఆ నూనెకు అంటుకుని చైన్ పిన్నులకూ, వాటి చుట్టూ తిరిగే రోలర్లకూ మధ్యకు చేరుతుంది. అక్కడది ఆకురాయి పనే చేస్తుంది. పెడల్ తిప్పిన ప్రతిసారీ లోపల ఇనుము కొంచెం కొంచెం అరుగుతుంది, చైన్ సాగుతుంది. సాగిన చైన్ వెనక క్యాసెట్ (వెనక చక్రానికుండే పళ్ల చక్రాల కట్ట) పళ్లనూ తినేస్తుంది. చైన్ ధర కన్నా క్యాసెట్ ధర చాలా ఎక్కువ. బండ్లలోంచి తీసిన పాత ఇంజిన్ ఆయిల్ పోసేవాళ్లయితే ఇనుప రజను కూడా వాళ్లే స్వయంగా కలిపి పోస్తున్నట్టు.

దీనికి మందు మైనం. కరిగించిన పారఫిన్ మైనంలో చైన్‌ను ముంచి తీస్తే అది రోలర్ల లోపలికి వెళ్లి గట్టిపడుతుంది. పైన జిడ్డు ఉండదు కాబట్టి దుమ్ము పట్టదు. చేత్తో తాకినా మసి అంటదు. సైకిల్ షాపులో ఎవరేం చెప్పినా సరే, దుమ్ముదారుల్లో తొక్కే సైకిల్‌కు ఇంతకు మించినది లేదు.

సామాన్లు

అరకిలో పారఫిన్ మైనం, మైనానికి ఒక పాత స్టీలు గిన్నె, అది పట్టేంత ఇంకో పెద్ద గిన్నె, మూత గట్టిగా బిగిసే గాజు సీసాలు రెండు, పెయింటు షాపులో దొరికే టర్పెంట్ ఆయిల్ ఒక లీటరు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అర లీటరు, చైన్ లింకు విప్పే ప్లయర్లు, కొత్త చైన్, కొత్త క్విక్ లింక్ (చైన్ రెండు కొసలనూ కలిపే, విప్పగలిగే లింకు) ఒకటి, చేతి తొడుగులు, దళసరి తీగ ముక్క. మైనం గిన్నె మళ్లీ వంటకు పనికిరాదు, ముందే ఇంట్లో చెప్పండి.

మైనం అంటే కొవ్వొత్తులు చేసేవాళ్లు కొనే తెల్లటి పలకలు. రంగు, వాసన కలిపిన కొవ్వొత్తులు కరిగించకండి. తేనెపట్టు మైనం అసలే వద్దు, అది జిగట. పారఫిన్ సుమారు 60 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి మన రోహిణి కార్తె ఎండకు కూడా చైన్ మీద నుంచి కారిపోదు.

కొత్త చైన్‌తో మొదలుపెట్టండి. నెలల తరబడి నూనెలో నానిన పాత చైన్‌ను శుభ్రం చేయడానికి పట్టే శ్రమకు ఫలితం ఉండదు.

చైన్ విప్పడం

వెనక చిన్న పళ్ల చక్రం మీదకు గేరు వేసి, ప్లయర్లతో క్విక్ లింక్ విప్పి చైన్ లాగేయండి. కొత్త చైన్‌ను పాతదాని పక్కన పెట్టి లింకులు లెక్కపెట్టి అంతే పొడవుకు కోయండి. అరిగి సాగినదాన్ని కొలతతో కాకుండా లెక్కతో పోల్చాలి.

జిడ్డు వదిలించడం: పని చెడేది ఇక్కడే

మైనం పట్టలేదు, వారానికే చైన్ చప్పుడు చేస్తోంది, ఇదంతా ఉత్త మాట అనేవాళ్లలో దాదాపు అందరూ ఈ దశను తొందరగా ముగించినవాళ్లే. కొత్త చైన్ మీద ఫ్యాక్టరీలో పట్టించిన చిక్కటి గ్రీజు ఉంటుంది. అది తుప్పు పట్టకుండా కాపాడడానికి పెట్టినది. పైపైన గుడ్డతో తుడిస్తే బయటిది పోతుంది, రోలర్ల లోపలిది అలాగే ఉంటుంది. ఆ గ్రీజు ఉన్నచోట మైనం ఇనుమును పట్టుకోదు. లోపల గ్రీజు, పైన మైనం ఉన్న చైన్ నూనె పోసిన చైన్ కన్నా అధ్వానం.

సీసాలో చైన్ వేసి, మునిగేదాకా టర్పెంట్ ఆయిల్ పోసి, మూత బిగించి రెండు మూడు నిమిషాలు బాగా ఊపండి. అరగంట వదిలి మళ్లీ ఊపండి. మొదటిసారి ద్రవం నల్లగానో బూడిద రంగులోనో మారుతుంది. చైన్ తీసి, కొత్త టర్పెంట్‌తో రెండోసారి ఇలాగే చేయండి. ఈసారి పలచటి టీ రంగు వస్తుంది. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఆపొద్దు. మూడోసారి పోసినది ఊపాక కూడా పోసినంత తేటగా ఉండాలి. లేకపోతే నాలుగోసారి. ఇన్నిసార్లు అని లెక్క పెట్టుకోకండి, తేటదనమే లెక్క.

టర్పెంట్ ఆరినా దాని పలచటి పొర ఇనుము మీద మిగులుతుంది, దానిమీద కూడా మైనం సరిగా పట్టదు. అందుకే ఆఖరున ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో రెండుసార్లు ఊపాలి. మొదటిసారి ఆల్కహాల్ కాస్త మసకబారవచ్చు, రెండోసారి మసక రాకూడదు. ఇది ఖర్చు అనుకుని వదిలేసేవాళ్లు ముందు చేసిన పనంతా పాడుచేసుకుంటున్నారు. పూర్తిగా శుభ్రపడిన చైన్‌ను ఆరబెట్టి చెవి దగ్గర కదిపితే పొడిగా గలగలమంటుంది. జిడ్డు మిగిలినది మందంగా, అణిగినట్టు చప్పుడు చేస్తుంది. తెల్లటి గుడ్డతో గట్టిగా లాగితే మరక పడకూడదు. ఈ రెండు పరీక్షలూ గెలిచేదాకా మైనం కరిగించకండి.

టర్పెంట్ బదులు పెట్రోలు వాడొచ్చా అని అడుగుతుంటారు. జిడ్డు వదులుతుంది, కానీ వద్దు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేలమీద పాకుతూ పోతుంది. పక్క గదిలో దేవుడి దీపం వెలుగుతున్నా చాలు, అంటుకోవడానికి. టర్పెంట్, ఆల్కహాల్ కూడా మండేవే కాబట్టి ఈ పనంతా పెరట్లోనో డాబా మీదో చేయండి. గ్యాస్ స్టవ్ దరిదాపుల్లో వద్దు. ఏ ద్రావకాన్నీ, ఎట్టి పరిస్థితుల్లోనూ, వేడిచేయకండి. ద్రావకంతో తడిగా ఉన్న చైన్‌ను వేడి మైనంలో వేయకండి. పిల్లలున్న ఇంట్లో ఆ సీసాల మీద పేరు రాసి పైన పెట్టండి.

తుప్పు వదిలించే యాసిడ్, బాత్‌రూం కడిగే యాసిడ్ వాడేవాళ్లూ ఉన్నారు. చైన్ తళతళలాడుతుంది, నిజమే. కానీ గట్టి ఉక్కులోకి యాసిడ్ వల్ల హైడ్రోజన్ చేరి లింకులు పెళుసుబారతాయి. అనంతగిరి ఘాట్ ఎక్కుతూ నిలబడి తొక్కుతున్నప్పుడు చైన్ తెగితే మోకాలో మొహమో పగులుతుంది.

ఇంకొక జాగ్రత్త. జిడ్డు మొత్తం పోయిన చైన్‌కు ఇక ఏ రక్షణా లేదు. మన సముద్రపు గాలికి రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రటి తుప్పు చుక్కలు కనిపించవచ్చు. కాబట్టి ఆల్కహాల్ స్నానం, మైనం స్నానం ఒకే పూట జరగాలి. మిగిలిన టర్పెంట్‌ను కాలవలో పారబోయకండి. కొన్ని రోజులు కదపకుండా ఉంచితే మురికి అడుక్కి చేరుతుంది. పైన తేరినది వచ్చేసారి మొదటి స్నానానికి పనికొస్తుంది.

ఈలోపు సైకిల్

చైన్ నానుతుండగా క్యాసెట్, పెడళ్ల దగ్గరి పళ్ల చక్రం (చైన్‌రింగ్), గేర్లు మార్చే వెనక డిరైలర్‌లోని చిన్న చక్రాలు టర్పెంట్ గుడ్డతో తుడవండి. వాటిమీద నూనె ఉంటే శుభ్రమైన చైన్ మళ్లీ దాన్నే మోసుకొస్తుంది. వెనక చక్రం ఊడదీసి, బ్రేకు డిస్కుకు కవరు చుట్టి ఈ పని చేయండి. డిస్కు మీద ఒక్క జిడ్డు చుక్క పడినా బ్రేకు ప్యాడ్లు పాడైనట్టే.

మోటారుసైకిళ్ల వాటర్ సర్వీసింగ్‌కు ఇచ్చేవాళ్లకు ఒక మాట. అక్కడ డీజిల్ చల్లి, ఒత్తిడితో నీళ్లు కొడతారు. డీజిల్ డిస్కుల మీద, నీళ్లు హబ్ బేరింగుల్లో. సైకిల్‌కు బకెట్ నీళ్లు, స్పాంజి, కొంచెం షాంపూ చాలు.

        

మైనంలో ముంచడం

పెద్ద గిన్నెలో నీళ్లు పోసి, అందులో మైనం గిన్నె పెట్టి వేడిచేయండి. మైనాన్ని నేరుగా మంట మీద పెడితే వేడి అదుపు తప్పి అంటుకుంటుంది. నీళ్ల గిన్నెలో అయితే 100 డిగ్రీలు దాటే ప్రసక్తే లేదు. మైనంలో మాత్రం నీటి చుక్క పడకూడదు. ఇన్ని ద్రావకాలు వాడిన చోటికి స్టవ్ తేకండి, సీసాలన్నీ మూతపెట్టి దూరంగా ఉంచాక వేరే చోట వెలిగించండి.

మైనం పూర్తిగా కరిగాక, బాగా ఆరిన చైన్‌ను తీగకు గుచ్చి దించండి. రోలర్ల లోంచి గాలి బుడగలు పైకి వస్తాయి. చైన్ కూడా మైనమంత వేడెక్కడానికి పది నిమిషాలు పడుతుంది, మధ్యమధ్య కదపండి. బుడగలు ఆగాక మంట ఆపి ఆగండి. వేడిగా ఉన్నప్పుడే తీస్తే మైనం నీళ్లలా కారిపోతుంది. గిన్నె అంచున పలచటి మీగడ కట్టడం మొదలైనప్పుడు తీసి వేలాడదీయండి.

చల్లారాక చైన్ కర్రలా బిగుసుకుంటుంది. గుండ్రటి పైపు మీద వేసి, ఒక్కొక్క లింకు దగ్గరా గట్టిపడ్డ మైనం విరిగేలా రెండు వైపులా వంచండి.

మళ్లీ ఎక్కించడం

కంపెనీ పేరు బయటికి కనిపించేలా చైన్ పెట్టండి. డిరైలర్ పంజరంలో రెండు చక్రాల మధ్య చిన్న రేకు నాలుక ఉంటుంది. చైన్ దాని లోపలి వైపు నుంచి పోవాలి. దానిమీద రాసుకుంటూ పోయేలా ఎక్కించి, చప్పుడు మైనం వల్లేనని తిట్టుకునేవాళ్లు చాలామంది. క్విక్ లింక్ కొత్తది వేయండి. 11, 12 స్పీడ్ (వెనక 11, 12 గేర్లుండే) చైన్లకు షిమానో, శ్రామ్ కంపెనీలు ఇచ్చే లింకులు ఒక్కసారి వాడకానికే. అందుకే మళ్లీమళ్లీ విప్పడానికి అనువుగా చేసిన లింకు కొనడం మేలు. లింకును పైవైపుకు తెచ్చి, వెనక బ్రేకు పట్టి పెడల్ గట్టిగా నొక్కితే టక్కున కూర్చుంటుంది.

మొదటి కొన్ని కిలోమీటర్లు గేర్లు మొరాయిస్తాయి, తెల్లటి పొట్టు రాలుతుంది. రాలనివ్వండి.

తర్వాత

పొడి దారుల్లో 250, 300 కిలోమీటర్లకోసారి మళ్లీ ముంచితే చాలు. ఈసారి జిడ్డు వదిలించే బాధ లేదు. వేడినీళ్లు పోసి పాత మైనం, దుమ్ము కడిగి, పూర్తిగా ఆరబెట్టి ముంచేయడమే. అందుకే రెండు చైన్లు పెట్టుకోవాలి. ఒకటి సైకిల్ మీద, ఒకటి మైనం పట్టి సిద్ధంగా.

వానలో తొక్కితే ఆ రాత్రే గుడ్డతో తుడిచి, మర్నాడు చైన్ మార్చండి. వానాకాలమంతా నూనెకు మారిపోదామనే ఆలోచన వద్దు, మళ్లీ జిడ్డు వదిలించే పని మొదటికొస్తుంది. కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి బీచ్‌లకు వెళ్తే అల తాకే తడి ఇసుక మీద తొక్కకండి. ఇంటికొచ్చాక తడిగుడ్డతో ఉప్పు తుడిచి, పొడిగుడ్డతో ఆరేలా తుడవండి.

నెలకోసారి స్టీలు స్కేలుతో చైన్ కొలవండి. ఒక పిన్ను మధ్య నుంచి 24 పిన్నుల అవతలి పిన్ను మధ్యదాకా కొత్త చైన్‌లో 304.8 మి.మీ. ఉంటుంది. 11, 12 స్పీడ్ చైన్ అయితే 306.3 మి.మీ.కి చేరగానే మార్చేయండి. కళ్లతో చూసి ఇంకొన్నాళ్లు పర్లేదనుకుని ఆగకండి, ఆ ఒకటిన్నర మిల్లీమీటరు దాటాక అరిగేది క్యాసెట్.