పాత కేసు రికార్డులోంచి పోవాలంటే: విశాఖలో ఎక్కడ, ఏ కాగితంతో అడగాలి

గల్ఫ్ వీసాకో, ఓడ మీద ఉద్యోగానికో, పరవాడ ఫార్మా కంపెనీలో చేరడానికో పోలీస్ క్లియరెన్స్ (మీ మీద కేసులున్నాయా అని పోలీసులు చూసి ఇచ్చే సర్టిఫికెట్) అడిగేసరికి చాలామందికి ఎప్పుడో మర్చిపోయిన కేసు గుర్తొస్తుంది. ఆ టెన్షన్ మీదే బతికే మధ్యవర్తులు ఉన్నారు. ‘లోపల మనవాళ్లున్నారు, రికార్డులోంచి పేరే లేపేస్తాం’ అంటారు. డబ్బు ముందే తీసుకుంటారు, రసీదు ఇవ్వరు. కొందరు ‘నో కేస్ సర్టిఫికెట్’ అని ఏదో సీలు వేసిన కాగితం కూడా చేతిలో పెడతారు. దాన్ని ఆఫీసులో చూపిస్తే పాత కేసు సంగతి అటుంచి, ఫోర్జరీ కాగితం వాడారని కొత్త కేసు పడుతుంది.

అసలు సంగతి ఏమిటంటే, పద్దెనిమిది నిండినవాళ్లకు పడిన శిక్షను ఇన్నేళ్ల తర్వాత రికార్డులోంచి తుడిచేయాలని చెప్పే సాధారణ చట్టం మన దేశంలో లేదు. చట్టం లేదు కాబట్టి దానికి ఫారమూ లేదు, ఫీజూ లేదు. ఉన్నవి నాలుగైదు దారులు. మీది ఏ దారో తేల్చేది ఒకే ఒక్క కాగితం, మీ కేసు తీర్పు సర్టిఫైడ్ కాపీ, అంటే కోర్టు ధ్రువీకరించి ఇచ్చే నకలు. జనం బోల్తా పడేది కూడా అక్కడే.

కేసు నంబరు తెలియకపోతే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో పేరుతో వెతకండి, లేదా స్టేషన్ పేరు, క్రైమ్ నంబరు, సంవత్సరంతో వెతకండి. దొరికిన సీసీ నంబరు (కోర్టులో కేసుకిచ్చే నంబరు) రాసుకోండి. అందులో ‘డిస్పోజ్డ్’ అని కనిపిస్తే కేసు ముగిసిందని మాత్రమే అర్థం. కొట్టేశారనుకుని సంబరపడకండి.

తర్వాత ఆ కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టాలి. కేసులో మీరే ముద్దాయి అయితే మీరే పెట్టుకోవచ్చు, లాయరు ఉండి తీరాలని లేదు. నగరంలోని పాత తీర్పుల మీద ‘మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్’ అని ఉంటుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ విచారణ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఆ హోదా లేదు. అందుకని మీ ఫైలు ఇప్పుడు ఏ కోర్టు కింద ఉందో ముందు కౌంటర్లో కనుక్కోండి. గాజువాక వైపు కేసులైతే అక్కడి కోర్టులోనే అడగాలి.

అప్లికేషన్ ఇచ్చేసి ఇంటికెళ్లి కూర్చుంటే పని జరగదు. కాపీకి ఎన్ని పేజీలవుతాయో లెక్కేసి, ఇంత స్టాంపులు కట్టాలని నోటీసు బోర్డు మీద జాబితా పెడతారు. ఫోన్ వస్తుందని ఎదురుచూసేవాళ్లకు ఆ జాబితా సంగతే తెలియదు. గడువులోగా స్టాంపులు దాఖలు చేయకపోతే అప్లికేషన్ కొట్టేస్తారు, మళ్లీ మొదటికొస్తుంది. ఎప్పుడు అప్లై చేశారు, స్టాంపులు ఎప్పుడు అడిగారు, ఎప్పుడు కట్టారు, కాపీ ఎప్పుడు సిద్ధమైంది అన్న తేదీలన్నీ కాపీ మీద ఉంటాయి. ఇవి ఊరికే వేసే తేదీలు కావు. కాపీ కోసం పట్టిన రోజులను అప్పీలు గడువులోంచి మినహాయిస్తారు. రెండు మూడు కాపీలు ఒకేసారి అడగడం మంచిది. ఫైలు చాలా పాతదై నాశనం చేశామంటే ఆ మాటే కాగితం మీద రాసి ఇవ్వమని, వీలైతే రిజిస్టరు నకలు ఇవ్వమని అడగండి. నోటిమాటతో వెనక్కి రావద్దు.

కాపీ చేతికొచ్చాక చివరి పేరా చదవండి. పాత సీఆర్‌పీసీ (సురక్షా సంహితకు ముందున్న క్రిమినల్ విచారణ చట్టం) కింద సెక్షన్ 248(1) అని గానీ, 255(1) అని గానీ ఉంటే నిర్దోషిగా విడుదల చేసినట్టు. 248(2), 255(2) అయితే శిక్ష. 320(8) అంటే రాజీ కుదిరిన కేసు, దాన్ని విడుదలతో సమానంగా చూస్తారు. 252 కనిపిస్తే మాత్రం ఆగి చదవండి, అది నేరం ఒప్పుకున్న కేసు.

‘లోక్ అదాలత్‌లో కేసు పోయిందండీ, వెయ్యి కట్టాను’ అని చెప్పేవాళ్లలో ఎక్కువమందికి తేడా తెలియని చోటు ఇదే. కొట్లాట కేసులో ఎదుటివాడితో రాజీపడటం వేరు. పేకాట కేసులోనో, తాగి బండి నడిపిన కేసులోనో జడ్జిగారు అడిగినప్పుడు ‘ఒప్పుకుంటున్నాను సార్’ అని ఫైన్ కట్టి రావడం వేరు. రెండోది ఎంత చిన్న ఫైనైనా శిక్ష కిందే లెక్క. పైగా ఒప్పుకున్నాక, శిక్ష ఎక్కువైందనో చట్టప్రకారం చెల్లదనో తప్ప మామూలు అప్పీలు ఉండదు. ఈసారి లోక్ అదాలత్‌కి రమ్మని ఎవరైనా పిలిస్తే, వెళ్లేముందు ఒక లాయరుని అడిగి వెళ్లండి.

విచారణ జరిగి శిక్ష పడినవాళ్లకు అప్పీలు ఉంది. మేజిస్ట్రేట్ తీర్పు మీద సెషన్స్ కోర్టుకు 30 రోజులు, సెషన్స్ తీర్పు మీద హైకోర్టుకు 60 రోజులు గడువు. దాటిపోతే ఆలస్యానికి కారణం చూపిస్తూ పిటిషన్ వేయాలి. కారణం నమ్మదగ్గదైతేనే తీసుకుంటారు, ఏళ్లు గడిచాక కష్టమే. అప్పీలు నడుస్తుండగా ఆ కోర్టు అనుమతితో రాజీ కూడా పడొచ్చు, రాజీకి వీలున్న సెక్షన్ అయితే.

ప్రొబేషన్ సంగతి. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం కింద మందలించో, బాండు రాయించుకునో వదిలేసి ఉంటే, సెక్షన్ 12 ప్రకారం ఆ శిక్ష వల్ల వచ్చే అనర్హతలు వర్తించవు. ఇది చాలామందిని కాపాడింది. కానీ శిక్ష పడలేదని దీనర్థం కాదు. ప్రొబేషన్ వల్ల శిక్ష మచ్చ చెరిగిపోదని సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది. అందుకని వెరిఫికేషన్ ఫారంలో ‘ఎప్పుడైనా శిక్ష పడిందా’ అన్న చోట ‘లేదు’ అని రాయకూడదు. ‘పడింది, ప్రొబేషన్ మీద వదిలారు, సెక్షన్ 12 వర్తిస్తుంది’ అని రాసి కాపీ జత చేయాలి. దాచడమే పెద్ద తప్పవుతుంది. ఉద్యోగ ఫారంలో కేసు దాచడం మీద వచ్చిన అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు నిజం చెప్పాలనే అంది. చెప్పిన కేసు చిన్నదైతే దాన్ని పట్టించుకోకుండా ఉద్యోగం ఇచ్చే వీలు యజమానికి ఉందనీ అంది.

రికార్డు నిజంగా పోయేది ఒక్క చోటే, నేరం జరిగిన నాటికి పద్దెనిమిది నిండని వాళ్లకు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 24 కింద అనర్హతలు ఉండవు, గడువు తీరాక రికార్డు నాశనం చేయాలి. పదహారు దాటి, ఘోరమైన నేరంలో పెద్దవాడిగా విచారణ జరిగిన కేసులకు ఇది వర్తించదు. అప్పట్లో వయసు చెప్పుకోక పెద్దవాళ్ల కోర్టులోనే శిక్ష పడినవాళ్లు ఉంటారు. వాళ్లకు ఇప్పటికీ దారి ఉంది. కేసు ముగిసిపోయాక కూడా ‘అప్పటికి నేను మైనర్ని’ అని కోర్టు ముందు చెప్పుకోవచ్చు. దానికి ఆధార్ కార్డు పట్టుకెళ్లి తిరిగొస్తుంటారు. చట్టం ముందుగా అడిగేది స్కూలు పుట్టినతేదీ సర్టిఫికెట్టో, పదో తరగతి సర్టిఫికెట్టో. అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ జనన ధ్రువపత్రం. రెండూ లేనప్పుడే వయసు తేల్చే ఎముకల పరీక్ష.

గూగుల్‌లో కొడితే తీర్పు కనిపిస్తోందన్న బాధ వేరు. ఒక కేసులో నిర్దోషి పేరు తీసేయమని మద్రాస్ హైకోర్టు చెబితే, 2024 జులైలో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని ఆపింది. ఇది హైకోర్టులో పిటిషన్ వేసి తేల్చుకోవాల్సిన విషయం. ‘నెట్‌లోంచి తీయిస్తాం’ అనేవాడికి డబ్బివ్వకండి.

చివరి మెట్టు స్టేషన్. కోర్టు వదిలేసినా స్టేషన్ రికార్డులో ‘పెండింగ్ ట్రయల్’ అనే మిగిలిపోయిన కేసులు కొల్లలు, ఎందుకంటే తీర్పు సంగతి అక్కడిదాకా చేరి ఎక్కాలి. సర్టిఫైడ్ కాపీ జిరాక్స్ జతచేసి, రికార్డులో ఎక్కించమని ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ ఇన్‌చార్జి అధికారి) పేర ఒక అర్జీ రాయండి. స్టేషన్‌లో కాగితాలు చూసే రైటర్ దగ్గర ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీతో సంతకం, స్టాంపు వేయించుకోండి. కోర్టు కానిస్టేబుల్ ఎవరో అడిగి తెలుసుకోండి, ఆ పని తెలిసిన మనిషి ఆయనే. అర్జీ తీసుకోకపోతే సోమవారం కమిషనరేట్‌లో జరిగే పీజీఆర్‌ఎస్‌లో (ప్రజల ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమం) ఇవ్వండి. నర్సీపట్నం, చోడవరం వైపు కేసులైతే 2022 ఏప్రిల్ నుంచి అది అనకాపల్లి జిల్లా, అక్కడికే వెళ్లాలి.

రికార్డులో ఎక్కిందని నిర్ధారించుకున్నాకే క్లియరెన్స్‌కు అప్లై చేయండి, విదేశాలకు వెళ్లేవాళ్లైతే పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లో. అక్కడ ఫీజు 500 రూపాయలు, మధ్యవర్తి అవసరం లేదు. పాస్‌పోర్ట్ రాదేమోనని భయపడేవాళ్లు గమనించండి. శిక్ష కారణంగా నిరాకరించాలంటే, అది నైతిక పతనం (మోసం, దొంగతనం లాంటి నీతిమాలిన పని) కిందకొచ్చే నేరం అయి, రెండేళ్లకు తక్కువ కాని జైలు శిక్ష, అదీ గత అయిదేళ్లలో పడి ఉండాలి. పేకాట ఫైన్ ఆ లెక్కలోకి రాదు. కేసు ఇంకా నడుస్తుంటే మాత్రం ఆ కోర్టు నుంచి అనుమతి తెచ్చుకోవాలి.

లాయరు ఫీజు భరించలేనివాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరుని పెడతారు. వెళ్లేటప్పుడు తీర్పు కాపీ, పదో తరగతి సర్టిఫికెట్ తీసుకెళ్లండి, ఒరిజినల్స్ ఎవరి చేతిలోనూ వదలొద్దు.