చవక రోబో వ్యాక్యూమ్ కొనే ముందు మీ ఇంటి నేల చూడండి

ఇంట్లో తనంతట తాను తిరుగుతూ దుమ్ము పీల్చే రోబో వ్యాక్యూమ్ క్లీనర్ కోసం ఆన్‌లైన్‌లో వెతికేవారు మొదట ధర చూస్తారు కానీ, మొదట చూడవలసింది తమ ఇంటి నేలను. ఈ యంత్రాలు సాధారణంగా 2 సెంటీమీటర్లకు మించిన ఎత్తును ఎక్కలేవు కనుక, పసుపు రాసి బొట్లు పెట్టే చెక్క గడప ప్రతి గదికీ ఉన్న పాత ఇళ్లలో యంత్రాన్ని చేత్తో మోసుకు తిరగవలసి వస్తుంది. మంచం కింద ఖాళీ ఎంతుందో కూడా టేపుతో కొలుచుకోవాలి.

నేల రంగు సంగతి ప్రకటనల్లో అరుదుగా కనిపిస్తుంది. మెట్ల అంచున పడిపోకుండా యంత్రం అడుగున ఉండే సెన్సార్లు పరారుణ కాంతిని నేల మీదికి పంపి, అది తిరిగి వస్తోందో లేదో గమనిస్తాయి. నల్ల గ్రానైట్ ఆ కాంతిని చాలావరకు పీల్చుకోవడం వల్ల, ఎదుట గొయ్యి ఉందని భ్రమపడి యంత్రం అక్కడే వెనుదిరగవచ్చు. మీ హాలు నల్లగా ఉంటే, అటువంటి నేల మీద వాడినవారి సమీక్షలు చదవనిదే కొనవద్దు.

రెండు మూడు వేల రూపాయలకు దొరికేవాటిలో చాలావరకు, నా దృష్టిలో, బ్యాటరీతో తిరిగే చీపుళ్లే. తనంతట తాను వెళ్లి చార్జింగ్ పెట్టుకునే డాక్ లేకపోతే వదిలేయండి. కాస్త ఎక్కువ పెట్టగలిగితే లేజర్‌తో గది పటం గీసుకునే లైడార్ రకం మేలు. చవక రకం గోడకు గుద్దుకుంటూ, తుడిచినచోటే మళ్లీ తుడుస్తుంది. పాస్కల్స్‌లో చెప్పే పీల్చుడు శక్తి అత్యధిక వేగంలో కొలిచినది కావచ్చు కనుక ఆ ఒక్క అంకెను చూసి మురిసిపోనక్కరలేదు. ఇక నేల తడిగా తుడిచే మాప్ అంటారా, అది తడిగుడ్డను ఈడ్చుకుపోవడమే. ఎండిన సాంబారు మరకను వదిలించదు. ముగ్గుపిండిని యంత్రం దారిలో ఉంచకండి, ఆ మెత్తని పొడికి ఫిల్టరు త్వరగా మూసుకుపోతుంది.

ఫిల్టరు, పక్క బ్రష్షులు, బ్యాటరీ విడిగా దొరుకుతున్నాయో లేదో, మీ పిన్‌కోడ్‌లో సర్వీసు ఉందో లేదో ఆర్డరు పెట్టక ముందే తేల్చుకోవాలి. దిగుమతిదారు పేరు, చిరునామా కనిపించని సరుకు ఎంత చవకైనా వద్దు. చాలా మోడళ్లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి మాత్రమే కలుస్తాయి కనుక, మీ ఇంటి రూటరు ఆ వైఫై ఇస్తుందో లేదో కూడా చూసుకోండి.

పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసి, వెంటనే ఇంట్లో అన్నిటికన్నా కష్టమైన గదిలో నడిపి చూడండి. మార్చుకునే గడువు తరచుగా వారం పది రోజులే ఉంటుంది కాబట్టి, మంచిరోజు చూసి తెరుద్దామని అటకెక్కించవద్దు. లోపముండీ విక్రేత పలకకపోతే, ఆ వీడియో, బిల్లు దగ్గర ఉంచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.